నాన్-జియోమెట్రిక్ ఫ్లక్స్‌లు నిజమా, లెక్కల గారడీయా?

స్ట్రింగ్ థియరీలో చుట్టేసి దాచిన అదనపు దిశల్లో నింపే ఫీల్డ్‌లను ఫ్లక్స్‌లు అంటారు. వాటిలో నాన్-జియోమెట్రిక్ రకం 10 డైమెన్షన్ల సూపర్‌గ్రావిటీలో (స్ట్రింగ్‌లను పాయింట్ పార్టికల్స్‌లా చూసే, తక్కువ ఎనర్జీలకు సరిపోయే సిద్ధాంతం) సరిగా ఇమడదు కదా, దాన్ని నమ్మొచ్చా అని అడిగారు. నమ్మొచ్చు. నేను పీహెచ్‌డీ రెండో ఏడాదిలో తల బాదుకుని మరీ నమ్మాను.

మూడు డైమెన్షన్ల టోరస్ (ఎక్స్, వై, జెడ్‌లలో ఏ దిశలో 1 దూరం వెళ్లినా బయల్దేరిన చోటికే వచ్చే ఆకారం) మీద హెచ్-ఫ్లక్స్ ఉందనుకోండి, అంటే జెడ్ దిశలో వెళ్లేకొద్దీ బి-ఫీల్డ్ (విద్యుదయస్కాంత పొటెన్షియల్‌కి స్ట్రింగ్ వెర్షన్) ఎన్ రెట్లు జెడ్‌గా పెరుగుతుంది. ఎక్స్ దిశలో టి-డ్యువాలిటీ (చుట్టు సైజును తలకిందులు చేసినా స్ట్రింగ్‌కి తేడా తెలియని మార్పిడి) చేస్తే బి మాయమై టోరస్ మెలి తిరుగుతుంది, దాంతో పేచీ లేదు. వై దిశలో కూడా చేశాను. ఎక్స్-వై టోరస్ వైశాల్యం 1/(1+ఎన్²జెడ్²) అని వచ్చింది. ఎన్ 1 అనుకోండి, జెడ్ సున్నా దగ్గర వైశాల్యం 1, ఒక చుట్టు తిరిగి బయల్దేరిన చోటికే వచ్చేసరికి సగం! కోఆర్డినేట్లు ఎలా మార్చినా వైశాల్యం మారదు, బి-ఫీల్డ్‌ను జరిపితే మెట్రిక్ (దూరాలు, వైశాల్యాలు చెప్పేది) కదలదు. మూడు రోజులు తప్పు కోసం వెతికాను. అందులో ఒక రోజంతా మైనస్ గుర్తులకే పోయింది, ఎందుకంటే ఈ రంగంలో ఏ రెండు పేపర్ల కన్వెన్షన్లూ కలవవు, పైగా అసలు లెక్క ఉండాల్సిన చోట "తేలిగ్గా చూడవచ్చు" అని రాసేస్తారు.

మా గైడ్ చూసి, తప్పేం లేదు, మెట్రిక్‌ని, బి-ని కలిపి ఆ మాట్రిక్స్‌ను తిరగేసి చూడు అన్నారు. తిరగేశాను. సిమెట్రిక్ భాగం ఉత్త 1, మిగతాది మైనస్ ఎన్ జెడ్, అంతే! చుట్టుకి సరిగ్గా ఎన్ చొప్పున మారుతోంది. ఆ ఎన్‌నే క్యూ-ఫ్లక్స్ అంటారు. స్ట్రింగ్‌కి టి-డ్యువాలిటీ కూడా సిమెట్రీయే కాబట్టి జెడ్ చుట్టు రెండు చివర్లనూ దాంతో అతికించినా దానికి తేడా తెలియదు. తేడా తెలిసేది పాయింట్ పార్టికల్‌కే, సూపర్‌గ్రావిటీ ఇబ్బంది పడేదీ అక్కడే.

అసలు నాన్-జియోమెట్రిక్ అన్న పేరుతోనే వచ్చింది తంటా. జియోమెట్రీ లేదంటే జనం భయపడతారు. 2004లో భౌతిక శాస్త్రవేత్త హల్ వాడిన టి-ఫోల్డ్ (టి-డ్యువాలిటీతో అతికించిన స్పేస్) అన్న మాట ఎంతో నయం.

జెడ్ దిశలో కూడా టి-డ్యువాలిటీ చేస్తే రావాల్సిన ఆర్-ఫ్లక్స్ మాత్రం వేరే కథ. అక్కడ జెడ్ దిశలో ఐసోమెట్రీ (జరిగినా ఏమీ మారని సిమెట్రీ) ఉండదు, కాబట్టి బుషర్ నియమాలు (టి-డ్యువాలిటీ చేసే సూత్రాలు) వాడే హక్కే మనకు లేదు. అయినా షెల్టన్, టేలర్, వెక్ట్ 2005లో దాన్ని చేర్చారు, ఎందుకంటే 4 డైమెన్షన్లలో గేజ్డ్ సూపర్‌గ్రావిటీ (అదనపు దిశలు చుట్టేశాక మిగిలే సిద్ధాంతం) ఆల్జీబ్రా రాస్తే దాని చోటు ఖాళీగా కనిపిస్తుంది. క్యూ మీద నాకు ఇప్పుడు ఏ అనుమానమూ లేదు. ఆర్ దగ్గర మాత్రం ఇప్పటికీ కాస్త టెన్షనే.