బ్యాండ్ చూసి ఆగిపోకు

అమ్మాయీ,

దున్నపోతు వీర్యకణాల పొరలో సోడియం పొటాషియం ఏటీపీయేజ్ (ఏటీపీని ఖర్చుచేసి సోడియాన్ని బయటికీ పొటాషియాన్ని లోపలికీ పంపే ఎంజైము) మీద, ఫాస్ఫేటు తగిలితే దాని వేగం మారుతుందా అన్న ప్రశ్నతో పని మొదలుపెడుతున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. మంచి కణాన్నే ఎంచుకున్నావు. పరిపక్వ వీర్యకణంలో కొత్త ప్రోటీన్ల తయారీ దాదాపు ఆగిపోయి ఉంటుంది. ఉన్నవాటికే ఫాస్ఫేటు తగిలించి, తీసేసి అది తన పని నడుపుకోవాలి.

కెపాసిటేషన్‌ను, అంటే వీర్యకణం అండాన్ని ఫలదీకరించే సామర్థ్యం పొందే మార్పును, 1951లో చాంగ్, ఆస్టిన్ విడివిడిగా గుర్తించారు. ఆ మార్పులో బైకార్బొనేట్ అడినైలిల్ సైక్లేజ్ అనే ఎంజైమును ప్రేరేపిస్తే సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు పెరుగుతుంది, దాంతో కైనేజ్ ఎ (ఫాస్ఫేటు తగిలించే ఎంజైము) పనిలోకి దిగుతుంది. కానీ అది ఫాస్ఫేటు పెట్టేది సెరిన్, త్రియోనిన్ అనే అమైనో ఆమ్లాల మీద. టైరోసిన్ మీద పెట్టేది మరో కైనేజ్. కాబట్టి బ్లాట్‌లో (ప్రోటీన్లను విడదీసి యాంటీబాడీతో గుర్తించే పరీక్షలో) టైరోసిన్ ఫాస్ఫేటు బ్యాండ్ చూసి కైనేజ్ ఎ నేరుగా చేసిందని రాయకు.

అసలు చిక్కు వనడేట్‌తో. బ్లాట్ కోసం టైరోసిన్ ఫాస్ఫటేజ్‌లను (ఫాస్ఫేటును తీసేసే ఎంజైములను) ఆపడానికి అందరూ దాన్ని బఫర్‌లో కలుపుతారు. నీ ఏటీపీయేజ్‌ను కూడా అది ఆపేస్తుంది, ఈ సంగతి 1977లోనే తేలింది. అందుకే శాంపిల్‌ను మొదటే రెండుగా పంచు: బ్లాట్‌కు వనడేట్‌తో ఒకటి, యాక్టివిటీకి అది లేకుండా ఐస్ మీద త్వరగా మరొకటి. ఫ్లోరైడ్ కూడా ఈ ఎంజైమును దెబ్బతీయగలదు. ఏ ఇన్హిబిటర్‌నైనా ముందు ఎంజైము మీద విడిగా వేసి చూడు.

ఇంకో విషయం. ఈ ఎంజైము ప్రతి చక్రంలోనూ తన ఆస్పార్టేట్ మీద ఫాస్ఫేటు తగిలించుకుంటుంది. అది దాని పనిలో భాగం, నియంత్రణ కాదు. రేడియోధార్మిక ఏటీపీ వాడితే ఈ ఫాస్ఫేటూ, నియంత్రణ కోసం కైనేజ్‌లు పెట్టినదీ రెండూ కలిసి కనిపిస్తాయి. హైడ్రాక్సిలమీన్ వేస్తే ఆస్పార్టేట్ మీదిది ఊడిపోతుంది, సెరిన్, టైరోసిన్‌ల మీదిది నిలుస్తుంది.

యాక్టివిటీని వవాబైన్ (ఈ ఎంజైమును ప్రత్యేకంగా ఆపే మందు) ఉన్నప్పటి విలువకూ లేనప్పటి విలువకూ మధ్య తేడాగానే లెక్కించు. విడుదలైన ఫాస్ఫేటును కొలుస్తావు కాబట్టి కడగడానికి ఫాస్ఫేటు బఫర్ వద్దు. తర్వాత పొరలకు ఫాస్ఫటేజ్ పట్టించి చూడు. దాన్ని పూర్తిగా కడిగేయాలి సుమా, లేకపోతే అదే ఏటీపీని కోసి నీ అంకె పెంచేస్తుంది. ఫాస్ఫేటు పోయాక వేగం మారి, కైనేజ్ వేశాక తిరిగి వస్తేనే నియంత్రణ అనగలవు.

బ్లాట్‌కు పాలపొడి వాడకు, కేసీన్‌లోనే ఫాస్ఫేటు ఉంటుంది. సన్నని గొట్టాల్లో ఫ్రీజ్ చేసిన వీర్యపు స్ట్రాలలో కెపాసిటేషన్ లాంటి మార్పులు ముందే వచ్చేసి ఉండొచ్చు. వీలైతే తాజా వీర్యం పక్కన పెట్టుకో.

వవాబైన్ అంకెలు రాగానే నాకు పంపు, బ్లాట్ ఆ తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
నీ మేడమ్