సుత్తి ఎత్తే ముందు చేసుకోవలసిన పనిముట్లు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీర్వదించి రాయునది.

నరసన్నపేటలో డీజిల్ ఇంజన్ల మరమ్మతు షెడ్డు తెరిచావనీ, లైనర్‌ను, ఫ్లైవీల్ అనే బరువు చక్రాన్ని లాగి తీసే పుల్లర్ల ధరలు విని వెనక్కి తగ్గి, వాటిని సొంతంగా చేసుకోవచ్చునా అని అడుగుతున్నావనీ మీ అమ్మ చెప్పింది. నిక్షేపంగా చేసుకోవచ్చు. అయితే ఏది చేసుకోవాలో, ఏది కొనుక్కోవాలో ముందే తేల్చుకోవాలి. ఏ భాగాన్ని ఊడదీయబోతే చెయ్యి సుత్తి మీదికి పోతుందో, ఆ భాగానికి పనిముట్టు చేసుకో. మైక్రోమీటరు, బోరు (సిలిండరు లోపలి వ్యాసం) కొలిచే గేజి, బిగింపు బలం చూపే టార్క్ రెంచి వంటివి మాత్రం అప్పు చేసైనా కొనుక్కో, ఎందుకంటే కొలత తప్పితే ఆ తరువాత చేసే పనంతా తప్పే అవుతుంది.

మొదట లైనర్ పుల్లర్ సంగతి చెబుతాను. లైనర్ అంటే ఇంజను బ్లాకులో కూర్చునే, పిస్టన్ లోపల ఆడే గొట్టం. వంశధార ఆయకట్టు నుంచి నీకు వచ్చే పంపుసెట్లలో ఎక్కువగా తగిలే కష్టం అదే. నీరు తగిలే లైనర్ బయటి వైపు తుప్పు, సున్నం పేరుకుని బ్లాకులో బిగుసుకుపోతుంది. కింద నుంచి కర్ర పెట్టి కొడితే లైనర్ పక్కకు ఒరిగి, రబ్బరు రింగులు కూర్చునే చోట బ్లాకును గీసేస్తుంది. పాత లైనర్ పోతే కొత్తది వస్తుంది గానీ, బ్లాకు గీసుకుపోతే నీళ్లు ఆయిల్‌లోకి దిగుతూనే ఉంటాయి.

కాబట్టి 20 మి.మీ. మందమున్న ఉక్కు బిళ్లను లేత్ మీద రెండు మెట్లుగా తిప్పించు. పై మెట్టు లైనర్ లోపలికి వదులుగా దూరాలి. కిర్లోస్కర్ ఏవీ1 వంటి 80 మి.మీ. బోరు ఇంజనుకు అది 79.5 మి.మీ. ఉంటే చాలు. కింది మెట్టు లైనర్ అడుగు అంచును పట్టుకోవాలి, కానీ ఆ అంచు బయటి కొలత కంటే ఒక మిల్లీమీటరు తక్కువగా ఉండాలి, లేకపోతే లైనర్‌తో పాటు పైకి వచ్చేటప్పుడు బ్లాకునే గీస్తుంది. ఇక బిళ్లను రెండు పక్కలా సమానంగా కోయించి, దాని వెడల్పు బోరు కంటే తగ్గేలా చూడు. అప్పుడు క్రాంకు (పిస్టన్ కదలికతో తిరిగే ఇరుసు) విప్పకుండానే పై నుంచి ఏటవాలుగా దింపి, లైనర్ దాటాక అడ్డంగా తిప్పి కూర్చోబెట్టవచ్చు. క్రాంక్ పిన్ను మీద దళసరి గుడ్డ చుట్టడం మరిచిపోకు.

బిళ్ల మధ్య నుంచి మరలు కోసిన రాడ్డు పైకి వచ్చి, పైన వేసే అడ్డపట్టీలో నుంచి దూరి, నట్టుతో లాగబడుతుంది. ఆ పట్టీ కాళ్లు బ్లాకు ముఖం మీద ఆనాలి, లైనర్ అంచు మీద ఎంతమాత్రం ఆనకూడదు. ఆ కాళ్ల ఎత్తు రబ్బరు రింగులు తమ గాడి నుంచి వదిలే దాకా లైనర్ లేచేందుకు సరిపోతే చాలు, ఆ తరువాత చేత్తోనే వస్తుంది. నట్టు కింద ఉత్త వాషరు కాక, లారీ కింగ్‌పిన్నులో (ముందు చక్రం పక్కకు తిరిగే పిన్ను) నుంచి తీసిన, బరువును మోస్తూ తిరిగే పాత థ్రస్ట్ బేరింగును గ్రీజు రాసి పెట్టు. నీ బలం రాపిడికి ఖర్చు కాకుండా లాగుడుకు పోతుంది. రాడ్డు పై కొనను రెండు వైపులా చదును చేయించి, దాన్ని ఒక స్పానరుతో కదలకుండా పట్టుకుని, రెండో స్పానరుతో నట్టు తిప్పు.

ఆ రాడ్డు ఏ ఇనుము అన్నది పనికి ప్రాణం. బజారులో గజాల లెక్కన దొరికే మరల రాడ్డు సాధారణంగా మెత్తనిది. 16 మి.మీ. బోల్టు 8.8 గ్రేడుదైతే (గ్రేడు అంటే బలాన్ని తెలిపే అంకె) సుమారు 9 టన్నుల లాగుడుకు కూడా శాశ్వతంగా సాగకుండా నిలుస్తుంది. అదే కొలతలో 4.6 గ్రేడుదైతే సుమారు 3.5 టన్నుల దగ్గరే దాని హద్దు వచ్చేస్తుంది. తల మీద అంకె లేని బోల్టును మెత్తనిదిగానే లెక్కకట్టు. ఇంటి స్లాబులకు వాడే ఊచకు మరలు కోయించి పుల్లరు చేసేవారిని చూస్తూనే ఉంటాం, నీవు ఆ పని చేయవద్దు.

ఫ్లైవీల్ పుల్లర్ అంతకంటే సులువు. 16 మి.మీ. దళసరి ప్లేటు, ఫ్లైవీల్‌లో ఉన్న మరల రంధ్రాలకు సరిపడే బోల్టులు, మధ్యలో సన్న మరల బోల్టు ఉంటే చాలు. రంధ్రాల దూరాన్ని అట్ట మీద అచ్చు తీసుకుని గుర్తుపెట్టు. టేపరు (కొన వైపు సన్నబడే క్రాంకు మొన) మీద కూర్చున్న ఫ్లైవీల్ ఒక్కసారిగా ఎగిరి వస్తుంది గనుక, క్రాంకు నట్టును పూర్తిగా తీయక రెండు మూడు మరల మీద వదిలి ఉంచు, ఎదురుగా నిలబడకు. బాగా బిగించాక మధ్య బోల్టు తల మీద తిన్నగా ఒక్క దెబ్బ వేస్తే తరచుగా అక్కడే వదులుతుంది.

పిస్టన్‌ను బోరులోకి దింపేటప్పుడు దాని రింగులు నొక్కే తొడుగు కూడా లేత్ మీద చేయించుకో. కింది రంధ్రం బోరుతో సమానంగా, పైది రెండు మూడు మిల్లీమీటర్లు పెద్దదిగా, లోపల నునుపుగా ఉంటే పిస్టన్ రింగులు విరగకుండా దిగుతుంది.

టైమింగు, అంటే డీజిల్ పంపు ఎప్పుడు కొట్టడం మొదలుపెడుతుందో చూడడానికి, పాత హై ప్రెషర్ పైపును, దాని నట్టుతో సహా, జానెడు కోసి కొంగ మెడలా వంచి ఉంచుకో. డీజిల్ పంపు డెలివరీ వాల్వును (పంపు నుంచి డీజిల్ బయటికి పోయే చోటి కవాటం), స్ప్రింగును తీసి, మూత ఉన్న డబ్బాలో శుభ్రమైన డీజిల్‌లో వేసి, ఆ వాల్వు హోల్డరు మళ్లీ బిగించి ఈ పైపు తగిలించు. ర్యాకును (డీజిల్ మోతాదును మార్చే కడ్డీ) డీజిల్ ఇచ్చే స్థితిలో పెట్టి, కంప్రెషన్ స్ట్రోకులో (పిస్టన్ గాలిని నొక్కుతూ పైకి వచ్చేటప్పుడు) ఫ్లైవీల్‌ను ఇంజను తిరిగే వైపే మెల్లగా తిప్పితే, ధార సన్నగిల్లి చుక్కలుగా మారి ఆగే చోటే పంపు కొట్టడం మొదలయ్యే చోటు. దాన్ని ఫ్లైవీల్ గుర్తుతో పోల్చు.

సిలిండరులోకి డీజిల్ చిమ్మే నాజిల్‌ను పరీక్షించే టెస్టరును మాత్రం పాత పంపుతో, వెల్డింగు చేసిన పైపులతో తయారు చేయాలని చూడకు. నాజిల్ తెరుచుకునేది 200 బార్ చుట్టుపక్కల. ఆ ధార చర్మంలోకి సూదిలా దూరుతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించినా వేలు పోయే ప్రమాదం ఉంది గనుక, ఎవరికి తగిలినా నొప్పి లేదని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి పంపు. అలాగే, పాత బేరింగు రింగును డ్రిఫ్టుగా (సుత్తికీ భాగానికీ మధ్య పెట్టే ముక్కగా) పెట్టి సుత్తితో కొట్టవద్దు. ఆ గట్టి ఉక్కు పెళుసుగా పగిలి కంట్లోకి ఎగురుతుంది. దానికి బదులు ఇత్తడి ముక్క వాడు.

బిళ్లను లేత్ పనికి ఇచ్చే ముందు లైనర్ లోపలి కొలత, అడుగు అంచు బయటి కొలత, బ్లాకు ముఖం మీద స్టడ్డుల మధ్య దూరం కాగితం మీద రాసి నాకు పంపు. నేను చూసి, ఇక్కడ రాజాంలో టర్నరుతో మాట్లాడతాను.

ఇట్లు,
మీ మావయ్య