బొమ్మలు వేయించడానికి లైసెన్సు కావాలా?

ప్రశ్న: బీఎఫ్‌ఏ చదివాను. ఆన్‌లైన్లో ఆరు నెలల ఆర్ట్ థెరపీ (బొమ్మలు వేయిస్తూ మనసుకు ఊరటనిచ్చే పద్ధతి) డిప్లొమా చేశాను. మారతహళ్లిలో మా ఇంటి ముందుగదిలో 'ఆర్ట్ థెరపిస్ట్' అని బోర్డు పెట్టి సెషన్లు మొదలుపెట్టాలనుంది. లైసెన్సు ఎవరిస్తారు?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: మీకు సంబంధించిన చట్టాలు ప్రధానంగా రెండు. మొదటిది 1992 నాటి రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం. క్లినికల్ సైకాలజిస్టులు, స్పెషల్ ఎడ్యుకేటర్ల వంటివారు ఈ కౌన్సిల్ (ఆర్‌సీఐ) రిజిస్టర్లో పేరుంటేనే ప్రాక్టీసు చేయాలి. ఆ జాబితాలో ఆర్ట్ థెరపిస్టు లేరు. రెండోది 2021 నాటి అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం. దాని షెడ్యూల్లో, అంటే చట్టానికి జతచేసిన వృత్తుల జాబితాలో, మూవ్‌మెంట్ థెరపిస్టుల కింద ఆర్ట్ థెరపీ ప్రస్తావన ఉంది. రిజిస్ట్రేషన్ రాష్ట్ర కౌన్సిళ్ల పని. అయితే వృత్తి పేరు షెడ్యూల్లో ఉన్నంత మాత్రాన మీ డిప్లొమాకు గుర్తింపు వచ్చేసినట్టు కాదు. 'ఐఎస్‌ఓ సర్టిఫైడ్', 'ఎంఎస్‌ఎంఈ రిజిస్టర్డ్' అని గొప్పగా చెప్పుకునే సంస్థలున్నాయి. అవి ఆ సంస్థ నడిచే తీరుకో, వ్యాపార నమోదుకో సంబంధించినవి. చదువుకు గుర్తింపు కావు. సిలబస్, ప్రాక్టికల్ గంటల లెక్క, సూపర్వైజర్ సంతకం చేసిన లెటర్లు ఇప్పటినుంచే దాచుకోండి. రాష్ట్ర కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టేనాడు అడిగేవి ఇలాంటివే.

అసలు చిక్కు బోర్డు దగ్గరే వస్తుంది. బొమ్మలు వేయించడాన్ని ఎవరూ తప్పుపట్టరు, మీరు చేసే వాగ్దానాన్నే పట్టుకుంటారు. 'ఒత్తిడి తగ్గించుకునేందుకు చిత్రలేఖన సెషన్లు' అంటే ఇబ్బంది లేదు. 'ఆటిజానికి చికిత్స', 'డిప్రెషన్ నయం' అని రాశారంటే చికిత్స చేస్తున్నట్టు మీరే ఒప్పుకున్నట్టు. పాప నల్లరంగు ఎక్కువ వాడిందని, ఇంటి బొమ్మకు తలుపు పెట్టలేదని జబ్బు పేరు రాసిచ్చేవాళ్లున్నారు. అది మాత్రం వద్దు. ఒక్క బొమ్మ చూసి రోగనిర్ధారణ చేయడం కుదరదు, చేసే అర్హత మీకు లేదు కూడా.

మొదటి సెషన్‌కు ముందే ఒక పేజీ సమ్మతి పత్రం రాయించుకోండి. మీ చదువు ఏమిటి, మీరు డాక్టరుగానీ క్లినికల్ సైకాలజిస్టుగానీ కాదన్న మాట, బొమ్మలు ఎవరి దగ్గర ఉంటాయి, ఫొటో తీయొచ్చా, ఏ పరిస్థితిలో గోప్యత ఉండదు అన్నవి అందులో ఉండాలి. పిల్లలైతే తల్లో తండ్రో సంతకం చేయాలి. చావు మాటలు, గాయాలు చేసుకోవడం, భ్రమలు కనిపిస్తే ఎవరి దగ్గరకు పంపాలో ముందే ఒక సైకియాట్రిస్టుతో మాట్లాడి పెట్టుకోండి. బెంగళూరులో మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ ఆసుపత్రి అందుబాటులో ఉండటం మీకు కలిసొచ్చే విషయం. పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. 'నేను లైసెన్సుడు కాను' అన్న సాకు అక్కడ చెల్లదు. ఆ బాధ్యత ప్రతి ఒక్కరిదీ.

అన్నట్టు, వ్యాపార బోర్డు మీద 60 శాతం కన్నడ ఉండాలన్నది 2024 నుంచి కర్ణాటకలో చట్టం. పెయింటరుకు ముందే చెప్పండి, లేకపోతే రెండుసార్లు రాయించాల్సి వస్తుంది.

ప్రశ్న: మావారికి అమెరికాలో ఉద్యోగం వచ్చింది. ఇక్కడి ఆర్ట్ థెరపీ డిప్లొమాతో అక్కడ పనిచేయొచ్చా?
– వైట్‌ఫీల్డ్ నుంచి

జవాబు: కుదరదు. అక్కడ మాస్టర్స్ ఉండాలి. చేరడానికే స్టూడియో ఆర్ట్‌లో, సైకాలజీలో కొన్ని క్రెడిట్లు, పోర్ట్‌ఫోలియో అడుగుతారు. బీకామ్ లాంటి వేరే డిగ్రీలు చదివినవాళ్లకు ఎక్కువగా ఈ సైకాలజీ దగ్గరే తక్కువపడుతుంది. కోర్సులో 700 గంటల ప్రాక్టికల్ శిక్షణ ఉంటుంది, అందులో సగం నేరుగా మనుషులతో. గుర్తింపున్న కోర్సు పూర్తయ్యాక సూపర్విజన్ కింద మరో 1,000 గంటలు పనిచేస్తే ఏటీఆర్ (రిజిస్టర్డ్ ఆర్ట్ థెరపిస్టు), ఆపై పరీక్ష పాసైతే ఏటీఆర్‌-బీసీ (బోర్డు సర్టిఫైడ్). ఇవి వృత్తి సంస్థ ఇచ్చే అర్హతలు. లైసెన్సు రాష్ట్రం ఇచ్చేది, అది వేరు. న్యూజెర్సీలో ఆర్ట్ థెరపీకి ప్రత్యేక లైసెన్సు ఉంది. న్యూయార్క్‌లో క్రియేటివ్ ఆర్ట్స్ థెరపిస్టు లైసెన్సుకు 1,500 గంటలు కావాలి. కాలిఫోర్నియాలో విడి లైసెన్సు లేదు కాబట్టి చాలామంది కౌన్సెలర్ లైసెన్సో, ఫ్యామిలీ థెరపిస్ట్ లైసెన్సో తీసుకుంటారు. ఏ రాష్ట్రమో తేలకముందే కోర్సుకు డబ్బు కట్టకండి. ఇంకోటి, హెచ్‌-1బీ ఉద్యోగి భార్యకు ఇచ్చే హెచ్‌-4 వీసా మీద వెళ్తే, వర్క్ పర్మిట్ లేకుండా జీతం తీసుకునే పని చేయకూడదు.

ప్రశ్న: మా బాబుకు ఆటిజం. ఆర్ట్ థెరపిస్టు తాను 'ఆర్‌సీఐ రిజిస్టర్డ్' అంటున్నారు. నమ్మొచ్చా?
– కె.ఆర్.పురం

జవాబు: సీఆర్‌ఆర్ నంబరు (ఆర్‌సీఐ రిజిస్టర్లోని నమోదు నంబరు) అడిగి ఆర్‌సీఐ వెబ్‌సైట్లో వెతకండి. పేరుతోపాటు కేటగిరీ, గడువు తేదీ చూడండి. స్పెషల్ ఎడ్యుకేటర్‌గా నిజంగానే రిజిస్టరై ఉండొచ్చు, కానీ అది ఆర్ట్ థెరపీకి ఇచ్చిన రిజిస్ట్రేషన్ కాదు. వాళ్లు చెప్పింది అబద్ధం కాకపోయినా మీరు అనుకుంటున్నదీ నిజం కాదన్నమాట. ఫీజు రసీదు మీద ఆ నంబరు, కేటగిరీ రాసివ్వమనండి. వెనకాడితే సెషన్ ఖాయం చేసుకోకండి.