ముప్పై ఎనిమిదేళ్లకి ఈత వస్తుందా?

ప్రశ్న: మాది ఆమదాలవలస దగ్గర పల్లె. చిన్నప్పుడు మా మామయ్య వీపుకి ఎండు సొరకాయ కట్టి నూతిలోకి తోసేశాడు. ముడి ఊడిపోయి మునిగాను, ఎవరో జుట్టు పట్టుకుని లాగారు. అప్పట్నుంచి మోకాలు దాటి నీళ్లలోకి దిగలేదు. ఇప్పుడు మా గుంటడు శ్రీకాకుళంలో స్విమ్మింగ్ పూల్‌కి వెళ్తూ ఫ్రీస్టైల్ అంటూ ఏదేదో చెప్తున్నాడు, నన్నూ రమ్మంటున్నాడు. ఈ వయసులో వస్తుందా? ఫ్రీస్టైల్ అంటే ఏమిటి? అసలు పూల్ దేనికి, పక్కనే నాగావళి ఉండగా?
- ఒక పాఠకుడు

జవాబు: వస్తుందండీ, మీ మామయ్య పద్ధతిలో మాత్రం కాదు. తోసేస్తే అదే వస్తుందని మనవాళ్ల నమ్మకం. అలా వచ్చినవాళ్లు ఊరంతా చెప్పుకుంటారు, రానివాళ్లు మీలాగే గట్టుమీద ఉండిపోతారు.

మొదటి వారం చేతులూ కాళ్లూ ఆడించడం గురించి మర్చిపోండి. ఛాతీ లోతులో గట్టు పట్టుకుని నిలబడి, నోటితో గాలి పీల్చి, ముఖం నీళ్లలో పెట్టి ముక్కుతో మెల్లగా బుడగలు వదలండి. భయమున్నవాళ్లు ఊపిరి బిగబట్టేస్తారు, దాంతో తల పైకి రాగానే వదలడం, పీల్చడం రెండూ ఒకేసారి చెయ్యాల్సి వచ్చి ఆ కంగారులో నీళ్లు మింగుతారు. తర్వాత బోర్లా తేలడం. ఇక్కడ తల ఎత్తారా, నడుమూ కాళ్లూ కిందికి దిగిపోతాయి. గాలి నిండిన ఛాతీయే మీ సొరకాయ, దానికి ముడి ఊడే భయం లేదు, ముఖం దించి అడుగున టైల్స్ చూస్తూ ఉండండి చాలు. ఇంకోటి, తేలడంకన్నా ముందు లేచి నిలబడడం నేర్చుకోండి: మోకాళ్లు పొట్టలోకి లాక్కుని, అరచేతులతో నీళ్లని కిందికి నొక్కితే పాదాలు వాటంతటవే నేలకి ఆనుతాయి. ఇది వస్తే సగం టెన్షన్ పోతుంది.

నీళ్ల భయం మీ ఒక్కరిదే అనుకోకండి. 1896లో ఏథెన్స్‌లో మొదటి ఆధునిక ఒలింపిక్స్ జరిగినప్పుడు ఈతలో గెలిచిన హంగేరీ కుర్రాడు ఆల్ఫ్రెడ్ హాయోష్‌కి పదమూడేళ్లప్పుడు తండ్రి డాన్యూబ్ నదిలో మునిగి చనిపోయాడు, ఆ తర్వాతే పట్టుబట్టి ఈత నేర్చుకున్నాడు. అప్పట్లో పోటీకి కొలనులెక్కడివి, పడవల మీద సముద్రంలోకి తీసుకెళ్లి దింపేశారు. చలికి ఒంటినిండా కొవ్వు పూసుకుని 100 మీటర్లూ, 1200 మీటర్లూ రెండూ గెలిచాడు. గెలవాలన్న దానికన్నా బతికి బయటపడాలన్న ఆశే తనని ఈదించిందని తర్వాత చెప్పుకున్నాడు. 1900లో పారిస్‌లో సేన్ నదిలో పెట్టారు, 1908 లండన్‌కి గానీ ఒలింపిక్ ఈత కొలనులోకి రాలేదు.

ఫ్రీస్టైల్ అంటే ఎలా ఈదినా సరే అని. అన్నిటికన్నా వేగం కాబట్టి అందరూ బోర్లా పడుకుని చేతులు మార్చి మార్చి బారలు వేస్తారు, అంతే.

నాగావళి మాత్రం వద్దు. ఏరు పుట్టింది ఒడిశా కొండల్లో, అక్కడ వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీళ్లు పెరుగుతాయి, పైగా ఇసుక తీసిన గోతులు పైకి కనిపించవు.

మీవాడితోనే వెళ్లండి, కాకపోతే మొదటి నాలుగు రోజులూ వాణ్ణి అవతలి గట్టున ఉంచమని కోచ్‌కి ముందే చెప్పండి, నాన్న బుడగలు వదులుతుంటే వెనకనుంచి కాలు లాగకుండా ఏ గుంటడూ ఉండలేడు.