అమ్ములుకు, సంతకం గురించి

చిరంజీవి అమ్ములుకు మావయ్య దీవెనలు.

నవలల్ని సినిమాలకి రాసే పని మీద హైదరాబాద్ వెళ్తున్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆ మాట నీ నోటితో నువ్వే చెప్పాల్సింది. వద్దంటానని భయపడ్డావు కాబోలు. వద్దనను తల్లీ. మన రాజోలు పిల్ల పేరు తెర మీద చూస్తానన్న సంతోషంతో నిద్ర పట్టలేదు. ఆ సంతోషం వెనకే ఒక భయమూ వచ్చి కూర్చుంది.

పుస్తకం మూడుసార్లు చదువు, మూడోసారే పెన్ను పట్టుకో. ఏది వదిలెయ్యాలో ముందే తేల్చుకో. "ఆమెకు దిగులేసింది" అంటే నవలకి సరిపోతుంది గానీ కెమెరాకి దిగులు కనపడదు. కాలవ రేవులో బిందె ముంచి, నిండినా ఎత్తడం మరిచిపోయిన మనిషి కనపడుతుంది. కోడూరి కౌసల్యాదేవి గారి 'చక్రభ్రమణం' చదివి, దాన్నిబట్టి 1964లో తీసిన 'డాక్టర్ చక్రవర్తి' చూడు. ఏం ఉంచారో, ఏం మార్చారో రాసుకో. ఈ పనంతా నీకు వచ్చేస్తుంది, ఆ బెంగ నాకు లేదు.

నా బెంగంతా కాగితం గురించే.

నా ముప్పయ్యో ఏట సఖినేటిపల్లి వైపు ఒక రిటైర్డ్ మాస్టారి నవల పట్టుకుని మద్రాసు వెళ్లాను. "తీసుకెళ్లు నాయనా, నా పేరు వేస్తే చాలు" అన్నారాయన. సరేనన్నాను. కాగితం లేదు, సంతకం లేదు. సినిమా నర్సాపురం వచ్చిందని తెలిసి, ఇస్త్రీ పంచె కట్టుకుని, మనవణ్ణి వెంటబెట్టుకుని, పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటి వచ్చారు. టికెట్లు నేనే తీశాను. పేర్లు పడుతుంటే కండువాతో కళ్లజోడు తుడుచుకుని ముందుకి వంగారు. కథ అన్నచోట ఇంకెవరిదో పేరు. "తాతా, నీ పేరెప్పుడొస్తుంది?" అన్నాడు పిల్లాడు. "వస్తుందిరా, చూడు" అన్నారు. ఆ సంగతి నాకు నెల ముందే తెలుసు. స్క్రీన్‌ప్లే దగ్గర నా పేరుందని నోరు మెదపలేదు. తిరుగు పంటు మీద ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "రేవు సీను బాగా రాశావు నాయనా" అన్నారు. నాలుగు తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి.

నోటిమాట మీద హక్కులు రావు అమ్ములూ. రాతలో ఉండాలి, రచయిత సంతకం ఉండాలి. గడువు రాయకపోతే చట్టం 5 ఏళ్లుగానే లెక్కేస్తుంది, అది కూడా రాయించు. పేరు ఎక్కడ ఎలా పడాలో అందులోనే ఉండాలి. నీ స్క్రీన్‌ప్లేకీ ఇదే పద్ధతి. అడ్వాన్సు చేతిలో పెట్టి "కాగితాలు తర్వాత చూద్దాం" అంటే, ఎంత పెద్దవాళ్లయినా సరే, లేచి వచ్చెయ్. ఆ నెల అద్దె నేను పంపిస్తాను. వేళకి తిను, నువ్వసలే పని పడితే అన్నం మాటే ఎత్తవు.

మాస్టారి నవల ఈ కవర్లోనే పెడుతున్నాను. 1996 తుపానుకి మా ఇంటి కప్పు లేచిపోయినప్పుడు తడిసి అంచులు ఉబ్బాయి, అక్షరాలు బాగానే ఉన్నాయి. ఆయన మరుసటేడు పోయారు. రచయిత పోయాక 60 ఏళ్లు హక్కు వారసులదే. ఆ మనవడు ఇప్పుడు అంతర్వేదిలో ఉంటున్నాడు. నువ్వు వస్తావని ఫోన్ చేసి చెప్పాను. అతను సంతకం పెట్టేదాకా మొదటి సీను మొదలెట్టకు.

మీ మావయ్య