నలుగురిలో అన్న మాట

క్రైస్తవుడు రోజువారీ జీవితంలో తగ్గింపును, అంటే వినయాన్ని, ఎలా అలవరచుకోవాలని మీరు అడిగారు. ప్రార్థన, ఉపవాసం, వాక్యధ్యానం అని చాలామంది చెబుతారు. అవి అవసరమే గాని, దేవుని ముందు తగ్గడానికి ఎవరికీ నామోషీ ఉండదు. మనకంటే చిన్న స్థితిలో ఉన్న మనిషి ముందు మన తప్పు బయటపడినప్పుడే మన తగ్గింపు ఎంతో తేలుతుందని నా నమ్మకం.

నేను ప్రకాశం జిల్లాలో బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యాను. మా ఊరి బాప్టిస్టు సంఘానికి కోశాధికారిని. నాలుగేళ్ల క్రితం ఒక ఆదివారం ఆరాధన అయ్యాక కానుకలు లెక్కపెడుతుంటే, బిడ్డకు జబ్బు నయమైనందుకు ఒక కుటుంబం ఇచ్చిన వెయ్యి రూపాయల కృతజ్ఞత కానుక కవరు కనిపించలేదు. కానుక సంచులు తెచ్చి బల్ల మీద పెట్టేది మందిరం ఊడ్చే ఒక విధవరాలు. సంఘపెద్దలు నలుగురూ కూర్చుని ఉండగానే, "సంచులు నీ చేతి మీదుగానే కదా వచ్చాయి, కవరేమైంది?" అని అడిగాను. ఆమె బదులు చెప్పలేదు. పరిచిన చాపలన్నీ ఒక్కొక్కటిగా చుట్టి, గోడకు చేరవేసి, వెళ్లిపోయింది.

బుధవారం కూటంలో కీర్తనల పుస్తకం తెరిస్తే కవరు అందులోనే ఉంది. ఆరాధనకు ముందు ఆ ఇంటివారు నా చేతికే ఇస్తే, పాట గుర్తుకోసం నేనే పుటల మధ్య పెట్టుకున్నాను.

ఆ రాత్రే వాళ్లింటికి వెళ్లి, పొరపాటైంది, క్షమించమని అడిగాను. ఆమె చేటలో బియ్యం ఏరుతూ తలెత్తకుండానే, "నలుగురిలో అడిగారు, ఇంటికొచ్చి చెబుతున్నారా మాస్టారూ" అన్నది.

ఆ వచ్చే ఆదివారం ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన. సహోదరునికి నీ మీద విరోధమేమైనా ఉంటే కానుకను బలిపీఠం ఎదుట విడిచిపెట్టి ముందు సమాధానపడమని మత్తయి అయిదో అధ్యాయంలో ప్రభువు చెప్పిన మాటను నేనే ఎన్నోసార్లు సండే స్కూలు పిల్లలకు కంఠతా పట్టించాను. శనివారం రాత్రి సంఘం ముందు చెప్పవలసినది కాగితం మీద రాసుకున్నాను. చదివి చూస్తే, అందులో సగానికి పైగా వయసు, మతిమరుపు, ఆనాటి హడావిడి గురించే ఉంది. అవన్నీ కొట్టివేస్తే మూడు వాక్యాలు మిగిలాయి. లేచి నిలబడి ఆ మూడే చెప్పాను. నాకు కష్టమైనది తప్పు ఒప్పుకోవడం కంటే ఆ కారణాలను మింగడమే. కాబట్టి మీకు నేను చెప్పగలిగిన సాధన ఇదే: క్షమాపణ అడిగేటప్పుడు "కాని" అన్న మాట రానివ్వకండి, ఎవరి ముందు నొప్పించారో వారి ముందే అడగండి.

ఈ సందర్భంలో మా సంఘాల గురించి ఒక బాధ చెప్పుకోవాలి. తన్ను తాను తగ్గించుకొనువాడు హెచ్చింపబడునన్న మాటను మనవాళ్లు హెచ్చింపు కోసం కట్టే చీటీలా వాడుతున్నారు. యోగ్యత లేని దాసుడనని మైకులో ప్రార్థించినవారే, సభల ఫ్లెక్సీలో తమ ఫొటో చిన్నదైందని అలుగుతున్నారు. 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని మా ప్రాంతంలో ఘనంగా చెప్పుకుంటాం. ఆనాడు నీళ్లలోకి దిగి ఇద్దరిద్దరు చొప్పున ఆ బాప్తిస్మాలిచ్చినది ఆరుగురు తెలుగు బోధకులని, మిషనరీ క్లౌ దొర ఆ పనిని వారి చేతుల్లోనే పెట్టాడని మాత్రం ఎవరూ గుర్తుచేయరు.

నేను క్షమాపణ అడిగిన ఆ ఆదివారం ఆరాధన ముగిశాక ఒక పెద్దాయన నా చేయి పట్టుకొని, "ఎంత తగ్గింపు మాస్టారూ మీది!" అన్నాడు. నా మనసు ఉప్పొంగింది, ఆ సంగతి దాచను. కాని ఆమె మాత్రం ఆనాటినుండి సంచులు బల్ల మీద పెట్టి, లెక్క పూర్తయి నేను పుస్తకంలో సంతకం చేసేదాకా గుమ్మం దగ్గరే నిలబడుతున్నది. "నువ్వు వెళ్లమ్మా" అన్నా వెళ్లదు.