మంచుకొండపై ప్రాణాలు పోతుంటే

‘బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’ వీడియో గేమ్‌లో మంచుకొండ ఎక్కగానే ప్రాణాలు తగ్గిపోతున్నాయని, కార్డు పాడైందేమోనని అడిగారు. కారణం చలి. కోఠిలో మీరు కొన్న పాత గేమ్ కార్డును అనుమానించకండి. 1986లో మొదలైన నింటెండో వారి జెల్డా గేమ్ సిరీస్‌ను 2017లో ‘బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’ బహిరంగ ప్రపంచంగా తిరగరాసింది. ఎటైనా వెళ్లనిస్తుంది, కానీ వాతావరణాన్ని ఎదుర్కోవాలి. నాకు బాగా నచ్చింది అదే.

1. ఆట మొదలయ్యే పీఠభూమి మీదే ఎర్రటి కారపు మిరపకాయలు కోయండి.

2. చాలామంది ఇక్కడే పొరబడతారు: పచ్చిగా తింటే చలి ఆగదు. సంచీ తెరిచి, మిరపకాయను ఎంచుకుని ‘హోల్డ్’ నొక్కండి. అలాగే అయిదింటిని చేతిలోకి తీసుకుని, సంచీ మూసి, మంట మీదున్న వంటపాత్ర దగ్గర ‘ఎ’ బటన్ నొక్కండి. కాయలు ఎక్కువైతే రక్షణ ఎక్కువసేపు ఉంటుంది.

3. మంచు మొదలయ్యేచోట ఆ వంటకం తినండి.

మిరపకాయలు దొరక్కపోతే, వెలిగించిన కాగడా చేతపట్టుకున్నా చాలు. నీళ్లలో మాత్రం దిగకండి, ఆరిపోతుంది.